తెరపై ముద్ర... పల్లెకు ముప్పు

కంప్యూటరు పరిశ్రమ అంటే పొగ లేని పరిశ్రమ అన్న నమ్మకం మన దేశంలో చాలాకాలం చలామణి అయింది. తోళ్ల కర్మాగారాల మురుగు, మిల్లుల పొగ కళ్లెదుట కనిపిస్తాయి గనుక ప్రజలు వాటిపై గళమెత్తారు. బల్ల మీద నిశ్శబ్దంగా వెలిగే తెరను మాత్రం ఎవరూ శంకించలేదు. ఆ తెర కాలం తీరి పాత సామాన్ల గుట్టలోకి చేరిన తరవాతనే అసలు సమస్య మొదలవుతుంది. ఆ గుట్టలు నగరాలకే పరిమితం కావు. సరిహద్దు పల్లెల్లోని బడులు, పంచాయతీ కార్యాలయాలు, ఇళ్ల అటకలు కూడా వాటికి నిలయాలే.

పాత మానిటర్ల ముందు భాగాన చిన్న ముద్రలు ఉండేవి. వాటిలో 'టీసీవో' అన్నది స్వీడన్ దేశపు ఉద్యోగ సంఘాల సమాఖ్య ఇచ్చే ముద్ర. రోజంతా తెర ఎదుట కూర్చొనే ఉద్యోగుల ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఆ సమాఖ్య 1992లో ప్రమాణాలను ప్రకటించింది. తెర నుంచి వెలువడే విద్యుత్, అయస్కాంత క్షేత్రాలకు హద్దులు విధించింది. 1995 నాటి ప్రమాణాల్లో పర్యావరణ నిబంధనలను కూడా చేర్చింది. ప్లాస్టిక్ డొప్పకు మంట అంటుకోకుండా కలిపే బ్రోమిన్, క్లోరిన్ రసాయనాలు, కాడ్మియం, పాదరసం వంటివి వాటి పరిధిలోకి వచ్చాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లో ఆరంభించిన 'ఎనర్జీ స్టార్' ముద్ర కరెంటు పొదుపునకు సంబంధించినది. ఒక దేశపు ఉద్యోగ సంఘాల పట్టుదల ప్రపంచమంతటి తయారీదారుల చేత పద్ధతులు మార్పించడం చిన్న విజయం కాదు.

ముద్ర స్వచ్ఛందం. చట్టం అలా కాదు. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన ఆదేశం 2006 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం, రెండు రకాల బ్రోమిన్ అగ్నినిరోధకాలు అనే ఆరు పదార్థాలకు అది హద్దులు గీసింది. కాడ్మియం 0.01 శాతం, తక్కినవి 0.1 శాతం మించరాదన్నది నియమం. భారతదేశం 2011లో ఈ-వ్యర్థాల నిబంధనలను ప్రకటించి, 2012 మే 1 నుంచి అమలుచేసింది. ఈ ఆరు పదార్థాలపై అవే హద్దులను 2014 మే నుంచి వర్తింపజేసింది.

ఈ నిబంధనల్లోనే ఒక మినహాయింపు దాగి ఉంది. పిక్చర్ ట్యూబు గాజులోని సీసానికి ఐరోపాలోను, భారత్‌లోను సడలింపు లభించింది. దానికి కారణం లేకపోలేదు. పాతకాలపు మానిటరులో ఎలక్ట్రాన్లు 20,000 వోల్టులకు పైబడిన ఒత్తిడితో తెరను తాకుతాయి. అప్పుడు పుట్టే ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా అడ్డుకోవడానికే గాజులో సీసం కలుపుతారు. ట్యూబు వెనుక గరాటు వంటి భాగంలో ఐదో వంతుకు పైగా సీసపు ఆక్సైడు ఉంటుంది. సైజును బట్టి ఒక్కో ట్యూబులో అర కిలో నుంచి 3 కిలోల దాకా సీసం ఉండవచ్చు. అంటే వాడుతున్నంత కాలం మనిషిని కాపాడేది, పగిలిన నాడు ప్రమాదకారి అవుతుంది.

ట్యూబు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు భయపడవలసిన పనిలేదు. గాజు ముక్కలై నేలపాలైనప్పుడే చిక్కు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన పరీక్షల్లో, రంగుల ట్యూబుల గాజుపొడి నుంచి ఆమ్లద్రావణంలోకి దిగిన సీసం సగటున అక్కడి చట్టపు హద్దుకు మూడు రెట్లు మించింది. ఆ హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. సీసం శరీరంలో ఏ కొద్ది మోతాదులో చేరినా క్షేమమని చెప్పడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పసిపిల్లల మెదడు ఎదుగుదల మీద దాని దెబ్బ అధికం. మట్టిలో ఆడుకొని ఆ చేతినే నోట పెట్టుకొనే వయసు వారిదే గదా!

మానిటరులోని ట్యూబు, పాత టీవీలోని ట్యూబు ఒక జాతివే. తమిళనాడు ప్రభుత్వం 2006లో ఉచిత రంగుల టీవీల పథకాన్ని ఆరంభించింది. 2011లో ప్రభుత్వం మారేనాటికి కోటికి పైగా 14 అంగుళాల టీవీలు ఇళ్లకు చేరాయి. హోసూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ పథకం తెలియనిది కాదు. కేంద్రం 2004 డిసెంబరులో ఆరంభించిన పథకం కింద దేశమంతటా బడుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ కాలపు యంత్రాల్లో అత్యధిక భాగం నేడు మూలపడ్డాయి. పంచేటప్పుడు ఉన్న లెక్క, తిరిగి సేకరించేటప్పుడు లేదు.

పాత సామాన్ల వ్యాపారి ఊళ్లోకి వస్తాడు. ఆయన వెల కట్టేది రాగి తీగచుట్టకు, ప్లాస్టిక్ డొప్పకు, సర్క్యూట్ పలకకు మాత్రమే. గాజుకు గిరాకీ లేదు. ఒకప్పుడు పాత గాజును కరిగించి కొత్త ట్యూబులు చేసేవారు. ట్యూబుల తయారీ నిలిచిపోవడంతో ఆ దారి మూసుకుపోయింది. సంపన్న దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఒక సంస్థ శుద్ధి చేస్తానని తెచ్చిన వేలాది టన్నుల ట్యూబు గాజును గోదాముల్లోనే వదలివేసింది. అక్కడే అలా జరిగినప్పుడు, కొనేవాడు లేని గాజు పల్లెల్లో కాలువ గట్టుకో చెరువు కట్టకో చేరడంలో వింత లేదు.

ప్రస్తుత చట్టం 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు. ఇవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. తాము అమ్మిన సరుకుకు తగిన మేర వ్యర్థాలను శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే అని ఇవి నిర్దేశించాయి. ఉద్దేశం మంచిదే. అయితే శుద్ధి చేసినట్లు ఇచ్చే ధ్రువపత్రాల లెక్కకు మొదట బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాలనే ఆధారంగా తీసుకొన్నారు. సీసపు గాజును శుద్ధి చేస్తే దానికై ప్రత్యేక లాభం లేదు. పైగా 'భారీ వినియోగదారు' అనిపించుకోవాలంటే ఏడాదిలో కనీసం 1,000 పరికరాలు వాడి ఉండాలి. పది కంప్యూటర్ల బడి ఆ కోవలోకి రాదు. లాభం లేని గాజు, లెక్కలోకి రాని బడి ఒకచోట కలిసినప్పుడు చట్టం చూపు అక్కడిదాకా సాగదు.

సరిహద్దు ప్రాంతాలకు మరో చిక్కు కూడా ఉంది. నిబంధనలు కేంద్రానివి, తనిఖీలు మాత్రం ఆయా రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లవి. పావగడ తాలూకా కర్ణాటకది, దాని చుట్టూ అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్. యానాం పాలన పుదుచ్చేరిది, దాని నలువైపులా ఆంధ్ర జిల్లాలే. వ్యాపారి బండికి ఈ గీతలు కనిపించవు. మండళ్లకు మాత్రం తమ గీత దాటితే అధికారం ఉండదు. ఇరుగుపొరుగు జిల్లాల యంత్రాంగాలు కలిసి పనిచేస్తే తప్ప ఈ లోపం తీరదు.

చేయదగినవి లేకపోలేదు. పాత మానిటరును, టీవీని పగలగొట్టనీయరాదు. ట్యూబులో గాలి ఉండదు గనుక దెబ్బ తగిలితే గాజు చిమ్మి కళ్లకు గాయం కావచ్చు. రాగి కోసం వైర్లు కాల్చనీయరాదు. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి. చెత్తలో కలిసిన ఈ-వ్యర్థాలను వేరుచేసి నమోదైన శుద్ధి కేంద్రాలకు చేర్చడం, తయారీదారు ఎవరో తేలని వస్తువులను సేకరించడం స్థానిక సంస్థల విధి అని 2022 నిబంధనలే చెబుతున్నాయి. ఆ మాటను గ్రామసభలో నిలదీసి అడిగే హక్కు ప్రజలకు ఉంది. ఒక్కో ఇంటి నుంచి కాక నాలుగు ఊళ్ల సరుకు ఒకచోట చేర్చి కబురంపితే శుద్ధి కేంద్రానికీ రవాణా ఖర్చు గిట్టుబాటవుతుంది. బెంగళూరు సమీపాన దాబస్‌పేటలో ఇటువంటి కేంద్రం 2005 నుంచే ఉంది.

కొత్త ఎల్ఈడీ తెరల్లో సీసపు ట్యూబు లేదు, పాదరసపు దీపమూ లేదు. ప్రమాణాలు కొనేవారికి మేలు చేశాయనడానికి అదే సాక్ష్యం. పాత తెరను పారవేసేవారికి మాత్రం ఆ మేలు ఇంకా అందలేదు. అది అందేదాకా పగలని గాజును పగలనీయకుండా కాపాడుకోవడమే పల్లెల చేతిలో ఉన్న రక్షణ.