ఓడ ఎక్కే రోజు సంగతి చెప్పరేం?

చెన్నై నుంచి విశాఖకు 2022లో విహార నౌక నడిచాక ఇక్కడి తెలుగిళ్లలోనూ ఓడ ముచ్చట మొదలైంది. టిక్కెట్లమ్మే ఏజెంట్లు ఈతకొలను, విందుల గురించే ఊదరగొడతారు. ఎక్కే రోజు సంగతి చెప్పరు. పెద్ద సామాను రేవులోనే తీసుకుంటారు. అది గదికి చేరేసరికి గంటలు పట్టొచ్చు. బీపీ మాత్రలు, గుర్తింపు కార్డు చేతిసంచిలోనే ఉండాలి. ప్రమాదమొస్తే ఎక్కడికి చేరాలో చూపే డ్రిల్‌కు 'మనకెందుకులే' అంటే కుదరదు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా బండను ఢీకొని ఒరిగితే 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి డ్రిల్లే జరగలేదు. ఇక విశాఖలో దిగి సింహాచలం వెళ్లినవాళ్లు గడువుకు ముందే రేవు చేరాలి. చెయ్యెత్తితే ఆగడానికి అదేం పల్లెవెలుగు బస్సు కాదు! ఇవన్నీ తెలుగులో ఒక కాగితమ్మీద అచ్చేసి టిక్కెట్టుతోపాటు ఇస్తే ఏజెంట్ల సొమ్మేం పోయింది?