ఆయిల్ పోయడం కాదు.. లీకు పట్టుకోవడం నేర్చుకోండి

మెకానికల్ ఫైనలియర్ విద్యార్థిని పవర్ స్టీరింగ్ ఎలా పనిచేస్తుందని అడగండి. పంపు, వాల్వు, ర్యాక్, పినియన్ అంటూ టకటకా చెప్పేస్తారు, కాగితమిస్తే బొమ్మ కూడా వేస్తారు. అదే ప్రశ్నను కాస్త తిప్పి ఇలా అడగండి: ‘పదిహేనేళ్ల పాత కారు. స్టీరింగ్ బరువెక్కింది. తిప్పితే కుయ్యిమని మోత. వారానికోసారి ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఏం చేస్తావ్?’ చాలామంది దగ్గర వచ్చే జవాబు ఒకటే: ‘ఆయిల్ టాప్‌అప్ చేస్తాను సార్.’

ఎంపికయ్యేవాళ్లకూ వెనుదిరిగేవాళ్లకూ తేడా ఇలాంటి చోటే తేలుతుందని నా అభిప్రాయం. ఆయిల్ పోయడం మరమ్మతు కాదు, వాయిదా వేయడం. కంపెనీకి కావాల్సింది ఆ ఆయిల్ ఎటు పోతోందో కనిపెట్టగల మనిషి. ఈ నైపుణ్యం గైడ్లు చదివితే రాదు. మీ వీధి చివర షెడ్డులో నిలబెట్టిన ఏ పాత కారైనా నేర్పుతుంది. ఎలాగో చూద్దాం.

తగ్గిందంటే కారినట్టే

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఒక మూసి ఉన్న వలయం. ఇంజిన్‌కు ఉన్న బెల్టు పంపును తిప్పుతుంది. పంపు డబ్బాలోని ఆయిల్‌ను లాక్కుని, ఒత్తిడి పెంచి, హోస్ పైపు గుండా ర్యాక్‌కు పంపుతుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే వాల్వు ఆ ఒత్తిడిని ర్యాక్‌లోని పిస్టన్‌కు ఒక పక్కకు మళ్లిస్తుంది. చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి. పనైపోయిన ఆయిల్ రిటర్న్ పైపులో మళ్లీ డబ్బాకే చేరుతుంది.

ఇందులో ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కాబట్టి మట్టం పదేపదే తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇంటర్వ్యూలో మీ జవాబు ఈ ఒక్క మాటతో మొదలైనా చాలు, ఎదుటివాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

ఇంకో అంకె గుర్తుంచుకోండి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటే చాలా కార్లలో ఒత్తిడి 70 నుంచి 100 బార్ల దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు మాత్రమే. అంత ఒత్తిడిని ఏళ్ల తరబడి ఆపుతున్నవి చిన్న చిన్న రబ్బరు సీళ్లు, ఓ-రింగులు. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. పాత కార్లలో లీకులు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

వెతకడానికో పద్ధతి

మొదటి ప్రశ్న: కారుతున్నది నిజంగా స్టీరింగ్ ఆయిలేనా? రాత్రి కారు కింద ఓ తెల్ల అట్టముక్క పరిచి, పొద్దున చూడండి. నీళ్లలా ఉంటే అది ఏసీ నీరు కావచ్చు, భయం లేదు. నల్లగా, గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆయిల్ కావచ్చు. పచ్చగానో గులాబీ రంగులోనో, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. చాలా పాత కార్లలో స్టీరింగ్‌కు ఏటీఎఫ్ అనే ఎర్రటి ఆయిల్ వాడతారు. పాతబడితే అదీ నల్లబడుతుంది. అందుకే రంగొక్కటే నమ్మొద్దు. డబ్బాలో మట్టానికి గీత పెట్టుకుని, అదీ తగ్గిందేమో సరిచూడండి.

రెండోది: శుభ్రం చేయకుండా వెతకొద్దు. ఏళ్లనాటి జిడ్డు, దుమ్ము పేరుకున్నచోట కొత్త తడి కనపడదు. తుడిచి, ఆరబెట్టి, కాసేపు నడిపి, అప్పుడు చూడాలి.

మూడోది అసలైన సూత్రం: చుక్క పడేచోటు లీకు ఉన్నచోటు కాదు. ఆయిల్ పైపుల వెంట జారుతుంది, బండి వేగానికి గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. కాబట్టి అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ తడిగా ఉందో వెతకాలి. అంతుచిక్కకపోతే ఆయిల్‌లో ప్రత్యేకమైన రంగు కలిపి, అతినీలలోహిత లైటు వేసి చూస్తారు. కారినచోటు మెరుస్తుంది.

నాలుగోది: ఎప్పుడు కారుతోంది? రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కారితే డబ్బా, రిటర్న్ పైపు, క్లిప్పుల మీద ముందుగా అనుమానపడండి. ఇంజిన్ ఆన్‌లో ఉండి, స్టీరింగ్ తిప్పినప్పుడే కారితే ఒత్తిడి ఉండే పైపు, దాని జాయింట్లు, పంపు, ర్యాక్ వైపు చూడండి. పంపు పుల్లీ వెనక తడి ఉంటే పంపు షాఫ్టు సీల్. ర్యాక్ చివర రబ్బరు బూటు నొక్కితే లోపల ఆయిల్ నిండినట్టుంటే ర్యాక్ సీల్ పోయినట్టే.

మా బంధువుల పాత డీజిల్ కారుకు ఒక షెడ్డులో ‘ర్యాక్ మొత్తం మార్చాలి’ అన్నారు. ర్యాక్ కింద తడి ఉన్న మాట నిజమే. తుడిచి చూస్తే పైనున్న రిటర్న్ పైపు క్లిప్పు దగ్గర రబ్బరు పగిలింది. అక్కడి నుంచి జారిన ఆయిలే ర్యాక్ మీద చేరింది. పగిలిన ముక్క కోసేసి కొత్త క్లిప్పు బిగిస్తే ఆగిపోయింది. వేలల్లో అయ్యే పని వందల్లో తేలింది. ఆ మెకానిక్ మోసం చేశాడని నేననను. కనిపించిన తడి దగ్గరే ఆగిపోయాడు, అంతే. మనలో చాలామంది చదువులోనూ అక్కడే ఆగిపోతాం.

సరిచేయడంలోనూ క్రమం ఉంది

చవకైన అనుమానం నుంచి ఖరీదైనదానికి వెళ్లాలి. ముందు క్లిప్పులు, ఓ-రింగులు, రిటర్న్ పైపు. తర్వాత ఒత్తిడి పైపు, పంపు సీల్. చివరికే ర్యాక్. ఒత్తిడి పైపు స్థానంలో మామూలు రబ్బరు పైపు వేసి క్లిప్పు బిగిస్తే ఆగదు, ఊడిపోతుంది. ఆయిల్ ఏ రకమో డబ్బా మూత మీదో, కారు మాన్యువల్‌లోనో చూసే పోయాలి. చేతికందిందని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. లీకును ఆపుతాయంటూ అమ్మే మందులు గట్టిపడిన రబ్బరును కాస్త మెత్తబరచవచ్చు గానీ పగిలిన పైపును అతికించలేవు.

పైపు మార్చాక గాలి తీయాలి. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను అటు చివర నుంచి ఇటు చివరకు మెల్లగా చాలాసార్లు తిప్పుతూ, డబ్బాలో మట్టం తగ్గకుండా పోస్తుండాలి. ఆయిల్‌లో నురగ పోయాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. గాలి మిగిలితే ఆ కుయ్యిమనే మోత మళ్లీ వస్తుంది.

జాగ్రత్తలు మాత్రం మర్చిపోవద్దు. ఇంజిన్ నడుస్తుండగా లీకును వేలితో తడమొద్దు. అంత ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. వట్టి జాకీ మీదున్న కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. కాలిన సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడితే మంటలు రావచ్చు. కాబట్టి ‘తర్వాత చూద్దాంలే’ అనే రకం లీకు కాదిది.

‘ఇప్పుడన్నీ ఎలక్ట్రిక్ కదా?’

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. నిజమే, కొత్త కార్లలో ఎక్కువగా మోటారుతో నడిచే స్టీరింగే. అందులో ఈ ఆయిలూ లేదు, ఈ లీకూ లేదు. కానీ రోడ్డు మీద ఉన్నవన్నీ కొత్త కార్లు కావు. పాత క్వాలిస్‌లు, ఇన్నోవాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, పొక్లెయిన్లలో హైడ్రాలిక్స్ బతికే ఉంది. ఫ్యాక్టరీల్లో ప్రెస్సులు నడిపేదీ అదే. మెయింటెనెన్స్, సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు దీన్ని తప్పించుకోలేరు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారా? అయినా ఇదే పద్ధతి. సర్వర్ ఆగిపోయిన ప్రతిసారీ రీస్టార్ట్ చేయడం ఆయిల్ టాప్‌అప్ లాంటిదే. ఎర్రర్ కనిపించిన లైన్‌లోనే తప్పుందనుకోవడం చుక్క పడ్డచోటే లీకుందనుకోవడం లాంటిదే. శుభ్రం చేయి, ఎప్పుడు వస్తోందో చూడు, పైకి వెళ్లి మొదలు వెతుకు, ఒకటి మార్చి పరీక్షించు. ఇంజిన్ మారినా ఈ వరస మారదు.

కాలేజీలకూ ఒక మాట. ల్యాబుల్లో కోసి రంగులేసి పెట్టిన మోడళ్లు చాలు. ఒక పాత కారు కొని, దానికి కావాలనే ఒక లోపం పెట్టి, కనిపెట్టినవాళ్లకే మార్కులివ్వండి. రికార్డులు కాపీ కొట్టొచ్చు గానీ లీకును కాపీ కొట్టలేరు.

కాలేజీ మారేదాకా మీరు ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో నలుగురు కలిసి ఓ షెడ్డుకు వెళ్లండి. ‘అన్నా, పని నేర్చుకుంటాం, అడ్డు రాము’ అని అడిగితే ఒప్పుకొనేవాళ్లు ఉంటారు. ‘పాత పైపు పారేయకన్నా, ఒకసారి కోసి చూస్తాం’ అనండి. ప్రతి బండికీ నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం ఫిర్యాదు, ఏం అనుమానించారు, ఎలా తేల్చారు, ఏం మార్చారు. అలాంటి పది పేజీలు పట్టుకెళ్తే, రెజ్యూమెలో ‘ప్రాబ్లం సాల్వింగ్’ అని రాసుకోవాల్సిన పని ఉండదు. పుస్తకం తెరిచి చూపిస్తే సరిపోతుంది.