అటక మీది కంట్రోలరు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒక తల్లి వ్రాసినదాన్ని ముందుగా తీసుకుంటున్నాను. విదేశంలో ఉంటున్న ఆమె తమ్ముడు సెలవులకు వచ్చి, తన పాత ప్లేస్టేషన్ 4 కంట్రోలరును తొమ్మిదవ తరగతి చదివే మేనల్లునికి ఇచ్చి వెళ్ళాడు. ఆ బిడ్డకు ఎడమచేతి వేళ్ళు పుట్టుకనుండి బలహీనం. కీబోర్డు మీద రెండు చేతులూ ఆడించలేడు గనుక, పెదనాన్న పిల్లలు వచ్చి కంప్యూటరులో క్రికెట్, ఫుట్‌బాల్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాడు. కంట్రోలరు తగిలించినా కంప్యూటరులో చలనం లేదు. షాపులో అడిగితే కొత్తది కొనమన్నారు. బాబు ఇంటర్నెట్‌లో వెదకి ఏదో డ్రైవరు దింపబోతే, ముందు యాంటీవైరస్ ఆపమని అడిగిందట. తండ్రికి కోపం వచ్చి ఆ వస్తువును అటక ఎక్కించారు. "పాస్టరుగారూ, ఇది పనికి వస్తుందా, పారవేయవలసిందేనా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, పారవేయవద్దు. అటక మీదనుండి దించండి.

ముందుగా తీగను చూడండి. చాలా ఇళ్ళలో దోషం అక్కడే ఉంటుంది. మామూలు యు.ఎస్.బి. తీగలో నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చవకగా దొరికే కొన్ని ఛార్జింగు తీగలలో మొదటి రెండే ఉంటాయి. అటువంటిది తగిలిస్తే కంట్రోలరు చక్కగా ఛార్జి అవుతుంది, దీపం కూడా వెలుగుతుంది, కాని కంప్యూటరుకు ఒక్క మాటా చేరదు. పరీక్ష సులభం. ప్లేస్టేషన్ 4 కంట్రోలరుకు పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు వాడిన మైక్రో యు.ఎస్.బి. తీగే సరిపోతుంది. అదే తీగతో ఒక పాత ఫోనును కంప్యూటరుకు కలపండి. ఫోనులోని ఫొటోలు కంప్యూటరులో కనబడితే తీగ మంచిదే. (2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలరుకైతే టైప్ సి తీగ కావాలి.)

తరువాత కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న కీని, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో జాయ్, చుక్క, సి.పి.ఎల్. అని ఇంగ్లీషు అక్షరాలలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన జాబితాలో "వైర్‌లెస్ కంట్రోలర్" అనే పేరు ఉంటుంది. దాని ప్రాపర్టీస్ తెరిచి బాబును ఒక్కొక్క బటను నొక్కమనండి. నొక్కినప్పుడల్లా తెర మీద ఒక గుండ్రని దీపం వెలుగుతుంది. అక్కడ వెలుగుతున్నాయంటే కంట్రోలరు చెడిపోలేదు, కొత్తది కొనవలసిన పనీ లేదు.

మరి ఆటలో ఎందుకు పలకదు? భాష తేడా. మైక్రోసాఫ్ట్ వారు 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి తెచ్చారు. ఆ తరువాత వచ్చిన కంప్యూటరు ఆటలు చాలావరకు ఆ భాషే వింటాయి. సోనీ వారి కంట్రోలరు అది మాట్లాడదు. సభలో ఇంగ్లీషు ప్రసంగికుని పక్కన తర్జుమా చేసే సహోదరుడు నిలబడినట్లు, మధ్యలో ఒకరు కావాలి. ఆ పని స్టీమ్ అనే ఉచిత ప్రోగ్రాము చేస్తుంది. 2016 డిసెంబరు నుండి అది ప్లేస్టేషన్ 4 కంట్రోలరును అర్థం చేసుకుంటోంది. దాని సెట్టింగ్స్‌లో కంట్రోలర్ భాగానికి వెళ్ళి, ప్లేస్టేషన్ కంట్రోలర్లకు సంబంధించినదాన్ని ఆన్ చేస్తే చాలు. వేరే చోట కొన్న ఆటనుకూడా "నాన్ స్టీమ్ గేమ్" అని అందులో చేర్చుకోవచ్చు. డి.ఎస్.4 విండోస్ అనే మరొక ఉచిత ప్రోగ్రాము కూడా ఇదే పని చేస్తుంది. రెండూ ఒకేసారి నడపవద్దు. ఇద్దరు తర్జుమాదారులు కలిసి మాట్లాడినట్లై, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు ఆట లెక్క వేస్తుంది.

తండ్రిగారి కోపంలో న్యాయం ఉంది. యాంటీవైరస్ ఆపమని అడిగే ఏ డ్రైవరునూ ఇంటి కంప్యూటరులోకి రానివ్వరాదు. బ్యాంకు పని, ఆఫీసు పని చేసేది కూడా అదే కంప్యూటరులో కదా. అయితే ఆ కోపం వెళ్ళవలసింది ఆ డ్రైవరు మీదికి, కంట్రోలరు మీదికి కాదు.

ఇక బాబు చేతి విషయం. నా దృష్టిలో ఇదే అసలు సంగతి. మామూలు అమరికలో ఆటగాణ్ణి నడిపించే పుల్ల ఎడమ బొటనవ్రేలి కింద ఉంటుంది. స్టీమ్‌లో ఆట పేజీ తెరిస్తే కంట్రోలరు బొమ్మ కనబడుతుంది. అక్కడ ఏ బటను పని ఏ బటనుకైనా అప్పగించవచ్చు. ఎడమ పుల్ల పనిని కుడి పుల్లకు మార్చవచ్చు. ఎడమవైపు పైనున్న బటన్ల పనిని మధ్యలో ఉన్న టచ్‌ప్యాడ్‌కు ఇవ్వవచ్చు. అది కుడి బొటనవ్రేలికి అందుతుంది. ఈ కంట్రోలరులో వంపును గుర్తించే పరికరం కూడా ఉంది. దానిని ఉపయోగించి, కంట్రోలరును అటూ ఇటూ వంచితే కారు తిరిగేటట్లు చేయవచ్చు. అప్పుడు వ్రేలితో పనే లేదు, మణికట్టు చాలు. వీటిలో బాబుకు ఏది కుదురుతుందో బయటివారు చెప్పలేరు. తండ్రిగారు ఒక ఆదివారం సాయంత్రం పక్కన కూర్చుని, "నీ వ్రేలు ఎక్కడిదాకా అందుతుంది నాన్నా?" అని అడుగుతూ మార్చి చూడాలి. మొదటి అమరికే కుదరదు. నాలుగైదుసార్లు మార్చవలసి రావచ్చు.

అంతచేసినా కుదరకపోతే, అటువంటి చేతులకొరకే మైక్రోసాఫ్ట్ వారు 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చారు. రెండు పెద్ద మెత్తలవంటి బటన్లుంటాయి. మోచేతితోనో పాదంతోనో నొక్కే స్విచ్చులను తగిలించుకునే వీలూ ఉంది. విండోస్ కంప్యూటరుకూ పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువ గనుక దానికి తొందరపడకండి.

తీగ లేకుండా ఆడాలంటే షేర్ బటను, మధ్యలోని పి.ఎస్. బటను కలిపి దీపం వేగంగా మిణుకుమిణుకుమనేవరకు నొక్కి, కంప్యూటరు బ్లూటూత్‌లో చేర్చుకోవాలి. బ్లూటూత్ లేని కంప్యూటరైతే తీగతోనే ఆడుకోనివ్వండి.

కుదిరిన అమరికకు ఒక పేరు పెట్టి భద్రపరచండి. అది బాబు స్టీమ్ ఖాతాలో ఉంటుంది గనుక, పెదనాన్నగారి ఇంటి కంప్యూటరులో ఆ ఖాతా తెరిచినా అక్కడ దొరుకుతుంది. సెలవులకు బయలుదేరేటప్పుడు కంట్రోలరుతో పాటు ఆ మంచి తీగను కూడా సంచిలో పెట్టండి.