గుండె తాళము తప్పునప్పుడు



రక్తహీనతను గూర్చి వెనుక నీ శీర్షికలో వ్రాసిన పిదప, "గుండెదడ యంతయు రక్తలేమి వలననే కలుగునా?" యని కొందరు పాఠకురాండ్రు ప్రశ్నించిరి. అందులకు సమాధానముగా ఈ మాసమున హృదయగతిని గూర్చి ముచ్చటింతము.

మన యిండ్లలో గుండెదడను దాచుకొను అలవాటు స్త్రీలకు మెండు. భర్తకు కొంచెము ఆయాసము వచ్చినంతనే వైద్యుని పిలిపించు ఇల్లాలు, తన గుండె కొట్టుకొనుటను మాత్రము బడలిక యనియు బెంగ యనియు చెప్పి వంటయింటిలోనికి పోవును. ఇంటివారును "ఆమెకు భయ మెక్కువ" యని నవ్వి యూరకుందురు. అట్టి దడలలో పెక్కు నిజముగానే అల్పములు. కొన్ని మాత్రము ప్రాణాపాయమునకు ముందు వచ్చు హెచ్చరికలు. ఈ రెంటిని వేఱుచేసి చూడగలుగుట గృహిణికి అవసరము.

హృదయమునకు పైన రెండు, క్రింద రెండు గదులు గలవు. కుడివైపు పైగది గోడలో ఒక చిన్న కణసముదాయ ముండి, స్వల్పమైన విద్యుత్తును క్రమము తప్పక పుట్టించుచుండును. భజనలో మొదటివాడు తాళము వేయగా తక్కినవారందరు దాని ననుసరించునట్లు, ఆ విద్యుత్తు ననుసరించి హృదయమంతయు ముడుచుకొనును. పైగదులనుండి క్రిందిగదులకు ఈ వార్త నందించు మార్గమును 1906లో సునావో తవారా అను జపానుదేశపు వైద్యుడు వర్ణించెను. మరుసటి యేట ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు తాళము వేయు ఆ మూలస్థానమునే కనుగొనిరి.

మన పెద్దలు నాడిని పట్టి రోగము నెఱుగుట నెంతో కాలముగ నెఱుగుదురు. శార్ఙ్గధర సంహితయందు నాడి నడకను పాము, కప్ప, హంస మొదలగువాని నడకలతో పోల్చిరి. ఆగి ఆగి నడచు నాడి ప్రాణహారిణి యనియు అందు కలదు. నేటి వైద్య మామాటకు కొంత సవరణ చెప్పుచున్నది. ఆగినట్లు తోచు ప్రతి నాడియు ప్రాణాంతకము కాదు. అయినను ఉపేక్షింపదగినదియు కాదు.

నాడి చూచుట కష్టము కాదు. అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, బొటనవ్రేలి మొదట మణికట్టుపై మూడు వ్రేళ్లు ఆనించి, గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను. పెద్దవారికి విశ్రాంతిలో 60 మొదలు 100 వరకు కొట్టుకొనుట సహజము. గర్భిణులకు కొంత హెచ్చుగా నుండును. జ్వరము, రక్తహీనత, గళగ్రంథి యుద్రేకము కూడ నాడిని త్వరపఱచును. సంఖ్యతోపాటు లయను గమనింపవలెను: సమముగా నున్నదా, నడుమ ఒకటి తప్పుచున్నదా, లేక ఏ క్రమమును లేక తోచినట్లు కొట్టుకొనుచున్నదా?

అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పి, వెంటనే మఱొకటి బలముగ తన్నినట్లుండుట అనేకులకు కలదు. నిద్రలేమి, మితిమీరిన కాఫీ, మనోవ్యథ దానిని హెచ్చించును. గుండె యారోగ్యముగ నున్నవారికి ఇది చాలవఱకు నిరపాయము.

రెండవది, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగిపోవు దడ. నాడి నిమిషమునకు 150కి మించి పరుగెత్తును. మా వీధిలోని ఒక కోడలికి రెండేండ్లు ఇట్లు కలుగగా, గాలి సోకిన దని రక్షరేకులు కట్టిరి. వైద్యునొద్దకు పోవుసరికి దడ యణగి, హృదయవిద్యుత్తును గీతలుగ చూపు ఈసీజీ పరీక్షలో ఏమియు కానరాకపోయెడిది. ఆ పరీక్ష పట్టునది కొన్ని క్షణముల గతినే గదా! తుదకు రేయింబవళ్లు ఒంటిపై ధరించు హోల్టర్ యంత్రమున దడ చిక్కినది. తొడయొద్ద నరముగుండ సన్నని తీగను గుండెవఱకు పంపి, విద్యుత్తు దారితప్పుచున్న చోటును కాల్చివేసిరి. ఆమె యిప్పుడు సుఖముగ నున్నది. ఇట్టి దడకు ఊపిరి బిగబట్టి ముక్కుట వంటి ఉపాయములు కొందరికి పనిచేయును గాని, వానిని వైద్యుడు నేర్పిన పిమ్మటనే చేయవలెను.

మూడవది మిక్కిలి జాగ్రత్తతో చూడదగినది. దీనిలో పైగదులు ముడుచుకొనుట మాని వణకుచుండును. నాడికి క్రమమే యుండదు. వయసు మీరినవారికిని, రక్తపుపోటు గలవారికిని ఇది తఱచు. చిన్ననాట గొంతునొప్పి వెంట వచ్చిన కీళ్లవాతజ్వరముచే కవాటములు చెడిన మన స్త్రీలకు యౌవనముననే రావచ్చును. వణకు గదిలో రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును. అందుకే రక్తము గడ్డకట్టకుండ మందు లిత్తురు. మిట్రల్ కవాటము బాగుగ ముడిగిన వారికి నేటికిని వార్ఫరిన్ మాత్రయే ముఖ్యము. దానిని వాడువారు ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒకనాడు మిక్కుటముగను, ఒకనాడు శూన్యముగను గాక, సమముగ తినవలెను. రక్తపరీక్ష తప్పరాదు. నొప్పిమాత్రలు, నాటుమందులు అడుగక మ్రింగరాదు. గర్భమునకు ఈ మాత్ర హాని చేయవచ్చును గనుక, బిడ్డను కోరువారు ముందుగనే వైద్యునితో చెప్పవలెను. తమంతట తాము మానుట మఱింత ముప్పు.

నాలుగవది మందగతి. నాడి 40కి దిగి, కన్నులు చీకట్లు క్రమ్మి, మనిషి పడిపోవుచుండును. ఈ సందర్భమున స్వీడను దేశపు ఒక ఇల్లాలిని స్మరింపవలెను. ఆర్నె లార్సన్ అనునాతడు దినమునకు అనేక పర్యాయములు స్మృతి తప్పుచుండగా, ఆతని భార్య ఎల్స్-మరీ, వైద్యుడగు సెన్నింగును, యంత్రనిర్మాతయగు ఎల్మ్‌క్విస్టును పట్టు విడువక వేడుకొనెను. మనుష్యదేహమున నమర్చుటకు యంత్ర మింకను సిద్ధము కాలేదని వారనినను ఆమె వెనుదీయలేదు. 1958 అక్టోబరు 8వ తేదీన, లోకమున మొదటిసారిగ, శరీరము లోపల పేస్‌మేకర్ నమర్చిరి. ఆ మొదటిది కొన్ని గంటలకే చెడినది. మఱల మఱల క్రొత్తవి యమర్చగా ఆతడు 2001 వఱకు, 86 ఏండ్లు జీవించెను. నేడు ఆ యంత్రము మన పట్టణములలోను అమర్చుచున్నారు. అది యున్నవారు వంట చేసికొనవచ్చును. ఇండక్షన్ పొయ్యికి మాత్రము రెండడుగుల దూరమున నిలువవలెను, సెల్‌ఫోనును రొమ్మునకు ఆనించి యుంచుకొనరాదు.

ఇక ఆలస్యము కూడని లక్షణములు వినుడు. దడతో స్మృతి తప్పుట, రొమ్మునొప్పి, ఊపిరాడకుండుట. శ్రమ చేయుచుండగా పడిపోవుట. వంశమున పిన్నవయసులో అకస్మాన్మరణ ముండుట. ముఖము వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో గడియయైన జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

మనిషి కూలిపోయి, పిలిచిన పలుకక, సరిగ ఊపిరి తీయకున్నచో 108కి ఫోను చేయించి, వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, రెండంగుళములు దిగునట్లు నిమిషమునకు 100 మొదలు 120 సార్లు గట్టిగ ఒత్తవలెను. సహాయము వచ్చువఱకు ఆపరాదు. నోట నీరు పోయరాదు. పడినది స్త్రీయైనచో ఒంటిపై చేయి వేయుటకు పరులు జంకుదురు. ఆ జంకులో పోవునది ప్రాణము. కావున ఇది మనమును నేర్వవలెను, మన మగవారికిని బిడ్డలకును చెప్పవలెను: అట్టి వేళ లజ్జకు తావు లేదు.

ప్రతి మాసము పద్దులు సరిచూచుకొను నాడు, ఇంటిలోని పెద్దలందరి నాడిని లెక్కించి, ఆ పద్దుల పుస్తకపు చివరి పుటలో వ్రాసియుంచుడు. అత్తమామలది, భర్తది వ్రాసి తనది మఱచు ఇల్లాండ్రే యెక్కువ గనుక, మొదటి వరుసలో మీ పేరే వ్రాసికొనుడు.