సొరుగులోని పాత ఫోను

మొన్న వేసవిలో బెజవాడలో మా చిన్నక్కయ్య యింటికి వెళ్లాను. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి వంటింటి గట్టుమీద ఒక వింత కనిపించింది. మడతపెట్టిన తుండుగుడ్డ, దానిమీద ఒక పాత ఫోను, ఆ ఫోనుమీద సన్నికల్లు పొత్రం!

"ఇదేమిటే అక్కయ్యా, ఫోనుతో పచ్చడి నూరుతున్నావా?" అన్నాను.

"నవ్వకే. దాని అద్దం పైకి లేచింది. రాత్రినుంచీ బరువు పెట్టాను. అణిగితే మళ్లీ ఛార్జింగుకి పెడతాను" అంది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. పొత్రాన్ని మెల్లిగా తీసి చూశాను. అద్దం ఒక పక్క సరిగ్గా పడని డబ్బామూతలాగా లేచి వుంది. సందులోంచి వెండికాగితం రంగు తిత్తి ఒకటి కనిపిస్తోంది. లోపల బ్యాటరీ వుబ్బిపోయింది.

ఆ ఫోను మా బావగారిది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆనాటినుంచీ అది దేవుడి గూటి పక్కన, ఛార్జరు తీసింది లేకుండా, రాత్రింబవళ్లు అఖండదీపంలాగా వెలుగుతూనే వుంది. ఎందుకంటే, బజారునుంచి ఆయన చేసిన ఒక ఫోను సంభాషణ దానిలో రికార్డయి వున్నది. "ఇదుగో, తోటకూర తెమ్మన్నావా, గోంగూర తెమ్మన్నావా?" అని అడుగుతారు. అంతే. ఆ మాటలకోసమే ఆ దీపం.

"వెంటనే ఆపేద్దాం అక్కయ్యా" అన్నాను.

"ఆపితే మళ్లీ వెలుగుతుందో లేదో! బ్యాటరీ తీసేస్తే ఆయన గొంతు కూడా దానితో పోతుందేమో!" అని ఫోను చేతిలోకి తీసుకుంది.

పక్కవాటా కుర్రవాడు అప్పటికే ఒక సలహా యిచ్చి వెళ్లాడట: "సూదితో చిన్న చిల్లి పెట్టండి మామ్మగారూ, గాలి పోతుంది" అని. ఆ పూట సూది దొరకకపోవటం మా అదృష్టం.

ఇది మా అక్కయ్య ఒక్కదాని కథే అయితే యిక్కడ రాయను. పాత ఫోను లేని యిల్లు యీరోజుల్లో లేదు. కొత్తది కొనగానే పాతదాన్ని సొరుగులో పడేస్తాం. పిల్లల చిన్నప్పటి ఫోటోలు, పెద్దవాళ్ల మాటలు, పెళ్లి వీడియోలు అన్నీ దానిలోనే వుంటాయి. అందుకని పారెయ్యం. అసలు అది యెలా వుందో చూడం కూడా. అదీ చిక్కు.

బ్యాటరీ యెందుకు వుబ్బుతుంది? మన వంటింటి భాషలో చెబుతాను. రుబ్బిన పిండి పులిసినప్పుడు గాలి పుడుతుంది. డబ్బామూత బిగించి వుంటే ఆ గాలి పోయే దారి లేక మూతని పైకి తంతుంది. ఫోనులోని లిథియం అయాన్ బ్యాటరీ కూడా అటువంటిదే. పల్చని లోహపు రేకులు రెండు, వాటిమధ్య కాగితంకంటే పల్చని పొర, వాటినన్నిటినీ తడిపే ద్రావకం. అంతా ఒక మూసిన తిత్తిలో వుంటుంది. వయసు మీరినా, వేడి తగిలినా, యెప్పుడూ నిండా ఛార్జింగులోనే వున్నా, కింద పడి నలిగినా ఆ ద్రావకం విరిగి వాయువులు పుడతాయి. తిత్తి వుబ్బుతుంది.

ఆ వాయువులలో మండేవీ వున్నాయి, విషమైనవీ వున్నాయి. సూదితో పొడిస్తే పోయేది గాలి మాత్రమే కాదు. మధ్యనున్న పొర చిరిగి రెండు రేకులూ కలుసుకున్నాయంటే, బ్యాటరీలో దాచుకున్న శక్తి అంతా క్షణాలమీద వేడిగా బయటికి వస్తుంది. బరువు పెట్టి అదిమినా అదే ప్రమాదం.

ఇంతమాత్రాన యీ బ్యాటరీలను తిట్టనవసరం లేదు. 1991లో మొదటిసారిగా బజారులోకి వచ్చిన తరువాతనే అవి మన ఫోనులను యింత తేలిక చేశాయి. వాటికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే జాగ్రత్త లేకపోతే పెద్ద కంపెనీలకే తప్పలేదు. 2016లో శామ్‌సంగ్ కంపెనీ నోట్ 7 అనే కొత్త ఫోనుల బ్యాటరీలు అంటుకుంటున్నాయని, లక్షలకొద్దీ ఫోనులను వెనక్కి తీసుకుని, చివరికి ఆ రకం తయారీయే మానుకున్నది.

మళ్లీ మా అక్కయ్య దగ్గరికి వస్తాను. ఆమె భయం చూస్తే నాకూ ఒక ఆశ పుట్టింది. ఫోను వెలుగుతూనే వుంది కదా, అయిదు నిమిషాలలో ఆ మాటలను నా ఫోనుకి పంపించుకుని తరువాత ఆపేస్తే యేం? కాని పొంగిన బ్యాటరీచేత పని చేయించకూడదు. పని చేస్తే వేడెక్కుతుంది. ఆ అయిదు నిమిషాలే కొంప ముంచవచ్చు.

"అక్కయ్యా, దీపం వేరు, నూనె వేరు. బావగారి గొంతు వున్నది బ్యాటరీలో కాదు, దాని పక్కన వేరే చిప్పులో. బ్యాటరీ వట్టి నూనె. పాత నూనె తీసి కొత్తది పోయిస్తాం" అన్నాను.

చాలాసేపు ఫోనువంక చూసి, తనే స్విచ్చి ఆపింది.

ఎదురుగా కడుతున్న యింటినుంచి పొడి యిసుక తెప్పించి, మూతలేని సత్తుగిన్నెలో పోసి, ఫోనుని దానిమీద వుంచాం. గిన్నెను గ్యాసుపొయ్యికీ బట్టలకీ దూరంగా వసారాలో పెట్టాం. మీరూ అలాగే చెయ్యండి. మూత బిగించకండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. బియ్యం డబ్బాలో దాచకండి. పొరపాటున కూడా మళ్లీ ఛార్జరు తగిలించకండి. మా మేనకోడలు "హైదరాబాదుకి కొరియర్ చెయ్యండి పిన్నీ, నేను చూపిస్తాను" అన్నది. అదీ కూడదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో పంపటం నిషిద్ధం.

ఒకవేళ బుసబుసమని చప్పుడు, పొగ, గోళ్లరంగులాంటి ఘాటు వాసన వస్తే ఫోనుని ముట్టుకోవద్దు. పొగ పీల్చవద్దు. పిల్లలనీ పెద్దలనీ తీసుకుని బయటికి వచ్చి 101కో, 112కో ఫోను చెయ్యండి.

మాకు ఆ కష్టం రాలేదు. సాయంత్రం ఆ గిన్నెతోనే ఆటోలో మరమ్మతు దుకాణానికి వెళ్లాం. ఆ అబ్బాయి గిన్నెని చూసి నవ్వలేదు సరికదా, "బాగా చేశారమ్మా, చాలామంది జేబులో పెట్టుకుని వస్తారు" అన్నాడు. ఇనుప పనిముట్టు తగలనివ్వకుండా, పల్చని ప్లాస్టిక్ ముక్కతో బ్యాటరీని వూడదీశాడు. దానిని యిసుకలోనే వుంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకి తానే యిస్తానన్నాడు. పాత బ్యాటరీలను మామూలు చెత్తలో వెయ్యకూడదని 2022లో కేంద్రప్రభుత్వం నియమాలు కూడా చేసింది. బ్యాటరీమీద చెత్తడబ్బా బొమ్మ, దానిమీద అడ్డంగా కొట్టివేత గుర్తు వుంటుంది చూడండి, దాని అర్థం అదే.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు మన ప్రమాణాల సంస్థ గుర్తు, ఐ.ఎస్. 16046 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య వున్నాయో లేదో చూసుకోవాలి. చవక అని పేరూ వూరూ లేనిది వేయిస్తే మళ్లీ పొత్రం అవసరం పడుతుంది!

ఇక ముందుజాగ్రత్తలు. ఫోనుకి పరమశత్రువు వేడి. ఎండలో నిలిపిన కారులో, పొయ్యిగట్టుమీద, ఛార్జింగు పెట్టి తలగడకింద వుంచకండి. ఛార్జింగులో బాగా వేడెక్కుతుంటే తొడుగు తీసెయ్యండి. ఎప్పుడూ నూటికి నూరు నింపి వుంచనవసరం లేదు. ఇరవైకీ ఎనభైకీ మధ్య వుంటే దాని ఆయుష్షు పెరుగుతుంది. చాలా ఫోనులలో ఎనభై దగ్గర ఆగిపోయే యేర్పాటు కూడా వుంది. దాచిపెట్టే ఫోనుకి సగం ఛార్జింగు వుంచి, ఆపేసి, చల్లని చోట పెట్టాలి. ఆరునెలలకొకసారి తీసి చూసి, మళ్లీ సగానికి నింపాలి.

ఉబ్బిందో లేదో తెలుసుకోవటం సులువే. ఫోనుని నున్నటి బల్లమీద పెట్టి వేలితో తిప్పండి. మునుపు లేనిది బొంగరంలా తిరిగిందంటే వీపు వుబ్బినట్లే. అద్దం అంచున సందు కనిపించినా, బొత్తాలు బిగుసుకున్నా అనుమానించండి.

దుకాణంలో కొత్త బ్యాటరీ వేసి ఆ అబ్బాయి బొత్తాం నొక్కాడు. తెర వెలగటానికి అర నిమిషం పట్టింది కాబోలు. అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరువాత ఆ గొంతు వినిపించింది. ఆ సందడిలో, రోడ్డుమీది హారనుల మధ్య, తోటకూరా, గోంగూరా అని. అక్కయ్య ఏడవలేదు. "గోంగూరేనండీ" అంది మెల్లిగా.

ఇప్పుడా మాటలు మేనకోడలి ఫోనులోనూ, ఒక పెన్‌డ్రైవులోనూ, నా దగ్గరా వున్నాయి. అసలు ఫోను ఆపేసి బీరువాలో వుంది. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి తీసి చూడాలని అక్కయ్య క్యాలెండరులో రాసుకున్నది.

మీ యింట్లో కూడా అటువంటి సొరుగు ఒకటి వుండే వుంటుంది. ఈ ఆదివారం తెరిచి చూడండి.