రెండు డబ్బాలు కొంటే క్లస్టర్ అయిపోదండీ

మొన్నామధ్య ఓ శుక్రవారం అర్ధరాత్రి ఫోను. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ చిన్న కంపెనీలో నెట్‌వర్క్ అడ్మిన్‌గా చేసే నా ఫ్రెండు. "రేయ్, మొత్తం పడిపోయిందిరా, ఒకసారి రా" అన్నాడు. మా ఇల్లు దగ్గరే కాబట్టి బండేసుకుని వెళ్ళా. తెల్లారేదాకా కూర్చున్నాం. సోమవారం మీటింగులో తప్పంతా వాడిదేనని తేల్చి ఇంక్రిమెంటు ఆపేశారు. నాకు తిక్కరేగింది, అందుకే ఈ టపా.

అసలు జరిగిందేంటంటే.. "మాది హై అవైలబిలిటీ" అని ఆ కంపెనీవాళ్ళు కస్టమర్లకి గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, వెబ్ సర్వర్లు రెండున్నాయి, వాటి ముందు లోడ్ బాలెన్సర్ ఉంది. కానీ అన్నీ ఒకే ర్యాక్‌లో, ఒకే యూపీఎస్ మీద. యూపీఎస్ పోయింది, అన్నీ పోయాయి. పోనీ క్లౌడ్‌లో ఇంకో కాపీ సిద్ధంగా ఉంది, సైటు పేరుని అటు తిప్పితే చాలు. తిప్పాలంటే డీఎన్ఎస్ బతికుండాలి కదా? కాగితం మీద నేమ్‌సర్వర్లు రెండు. తీరా చూస్తే ఒకే మిషన్‌కి రెండు పేర్లు, అదీ ఆ ర్యాక్‌లోనే! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు.

రెండో నేమ్‌సర్వర్ వేరేచోట పెడదామని మావాడు రెండుసార్లు మెయిల్ పెట్టాడు. "ఇప్పుడంత అవసరమా?" అని జవాబు. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?

ఇది చిన్న కంపెనీల జబ్బే అనుకోకండి. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సైట్లు దాదాపు రోజంతా దొరకలేదు. రూటర్ కాన్ఫిగరేషన్‌లో ఒక తప్పుడు మార్పు. నేమ్‌సర్వర్లు నాలుగున్నా, నాలుగూ ఒకే నెట్‌వర్క్‌లో. వెబ్ సర్వర్లు నిక్షేపంగా ఉన్నాయి, వాటి అడ్రసు చెప్పేవాడే లేడు. నేమ్‌సర్వర్లని వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు నెట్‌వర్కుల్లో పెట్టమని 1997లోనే ఆర్ఎఫ్‌సీ 2182 చెప్పింది. విన్నదెవరు?

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ వంతు. మెయింటెనెన్స్ కోసం ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ బ్యాక్‌బోన్‌ని తెంపేసింది. డేటా సెంటర్లు అందకపోయేసరికి వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లు బీజీపీలో తమ దారుల్ని తామే వెనక్కి తీసేసుకున్నాయి. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు గాయబ్. ఆ కమాండ్‌ని ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉందని తర్వాత వాళ్ళే రాశారు. టైపు చేసినవాడి పేరు మాత్రం రాయలేదు. నాకు నచ్చింది అదే.

నేను మొత్తుకునేది ఒక్కటే. ఎన్ని సర్వర్లున్నాయో లెక్కపెట్టకండి, అవన్నీ కలిసి వాడుకునేవి ఏంటో లెక్కపెట్టండి. కరెంటు, స్విచ్చి, ఇంటర్నెట్ లైను, లోడ్ బాలెన్సర్, డీఎన్ఎస్.. వీటిలో ఏ ఒక్కటి ఒంటరిగా ఉన్నా మీది క్లస్టర్ కాదు. రెండు సర్వర్లు చెరో 70 శాతం లోడుతో నడుస్తుంటే, ఒకటి పోయినరోజు రెండోదాని నెత్తిన 140 శాతం. అదీ పడుతుంది. డీఎన్ఎస్ రౌండ్ రాబిన్‌నే లోడ్ బాలెన్సింగ్ అనుకునే మహానుభావులున్నారు. మామూలుగా అది చచ్చిన సర్వర్ అడ్రసుని కూడా భక్తిగా పంచుతూనే ఉంటుంది. పైగా టీటీఎల్ 86400 సెకన్లు పెట్టుకుంటే, మార్చిన అడ్రసు కొందరికి చేరేసరికి రోజు గడుస్తుంది.

మన డెవలపర్లేం తక్కువ తినలేదు. సెషన్లు ఒకే సర్వర్ మెమరీలో దాచేది మనమే. డేటాబేస్ పోయినా "ఓకే" అని అబద్ధం చెప్పే హెల్త్ చెక్ రాసేదీ మనమే :)

"ఖర్చండీ బాబూ" అంటారు. 2022లో అమెజాన్ హైదరాబాద్‌లో మూడు జోన్లతో రీజియన్ తెరిచింది, మిమ్మల్ని అంత కట్టమనట్లేదు. ఇంకోచోట ఓ నేమ్‌సర్వర్, తక్కువ టీటీఎల్, మూణ్ణెల్లకోసారి చెప్పి మరీ ఒక ప్లగ్గు పీకి చూడటం. వీటికి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు.

2012లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టినప్పుడు ఫ్యాక్టరీ ఓనర్లు జనరేటర్ల కోసం పరిగెత్తారు. కరెంటు లేనందుకు ఎలక్ట్రీషియన్‌ని తిట్టి లాభం లేదని వాళ్ళకి తెలుసు. ఆ మాత్రం ఇంగితం మన ఐటీ మేనేజర్లకి ఎప్పుడొస్తుందో!