ప్రైజులిచ్చేటప్పుడు తీసుకోండి మేడమ్

"ఆడపిల్లల ఆట తియ్యకండి మేడమ్. ప్రైజులిచ్చేటప్పుడు తీసుకోండి."

పోయిన డిసెంబరులో ఒక స్కూలు గ్రౌండులో పీఈటీ సారు నాతో అన్న మాట ఇది. కోపంగా అనలేదాయన. నా మేలూ పిల్లల మేలూ కోరుతున్న గొంతుతోనే అన్నారు. మా అక్క కూతురు ఖోఖో జట్టులో ఆడుతోంది. దాని ఆట ఫోటోలు తీద్దామని, కోఠీలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ డి3100 కెమెరా మెడలో వేసుకుని వెళ్లాను. 2010 నాటి మోడల్, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. నేనూ నేర్చుకునేదాన్నే. అదే గ్రౌండుకి రెండో వైపు మగపిల్లల కబడ్డీ జరుగుతోంది. స్కూలువాళ్లు పిలిపించిన స్టూడియో ఫోటోగ్రాఫరు అక్కడ నేల మీద బోర్లా పడుకుని మరీ తీస్తున్నాడు. చెడ్డీలతో, చిరిగిన బనియన్లతో ఒకరి మీద ఒకరు పడుతున్న ఆ పిల్లల్ని తియ్యొద్దని అతనికి ఎవరూ చెప్పలేదు.

మా పిల్లలు గెలిచారు. మర్నాడు పేపరు జిల్లా ఎడిషన్లో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో గీత మీదికి చెయ్యి చాచి దూకుతున్న కుర్రాడు, వాడి కాలు పట్టుకుని వేలాడుతున్న ముగ్గురు. రెండోదాంట్లో మధ్యలో ముఖ్య అతిథి, ఆయన చేతిలో కప్పు, అటూ ఇటూ పన్నెండు మంది ఆడపిల్లలు. చున్నీలు సర్దుకుని, చేతులు కట్టుకుని, సగం మంది తల దించుకుని. కింద రాసింది చదవకపోతే వ్యాసరచన పోటీలో గెలిచారనుకోవచ్చు.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. పాత పత్రికల కట్టలు దుమ్ము దులిపి, అందులో స్త్రీలు ఎందుకు లేరు, ఉన్నచోట ఎందుకలా ఉన్నారు అని వెతకడంలో నా ఇరవైల్లో సగం గడిచిపోయింది. మరుగున పడేశారు, చెరిపేశారు అని థీసిస్ నిండా రాశాను. ఆ చెరపడం ఎప్పుడో జరిగిపోయిందనీ, నేను వెళ్లి దాని ఆనవాళ్లు చూస్తున్నాననీ అనుకునేదాన్ని. ఆ రోజు అది నా కళ్లముందు, నా ఒప్పుకోలుతోనే జరిగింది. సారు చెప్పగానే నేను కెమెరా దించేశాను. దాదాపు పది నిమిషాలు దించే ఉంచాను. ఆ పది నిమిషాల్లో మా పిల్ల పోల్ దగ్గర డైవ్ కొట్టి ఇద్దర్ని ఔట్ చేసింది. అది ఎక్కడా లేదు.

సారు భయం ఉత్తిది కాదు. గోడ పక్కన ఫోన్లు పట్టుకుని నిలబడ్డ పెద్ద కుర్రాళ్లని నేనూ చూశాను. వాళ్లు స్కోరు చూడటం లేదని తెలుస్తూనే ఉంది. జపాన్‌లో క్రీడాకారిణులు తమని దురుద్దేశంతో ఫోటోలు తీస్తున్నారని 2020లో బయటికొచ్చి చెప్పారు. బట్టల లోపలికి చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలకు భయపడి, 2024 పారిస్ ఒలింపిక్స్‌కి ఆ కిరణాలను అడ్డుకునే గుడ్డతో యూనిఫాములు కుట్టించుకుంది ఆ దేశం. కాబట్టి ప్రమాదం లేదని నేను అనను. కానీ ఆ గ్రౌండులో ఎవర్ని ఆపారో చూడండి. గోడ పక్కన ఉన్న కుర్రాళ్లని కాదు, నన్ను. వాళ్లని పొమ్మంటే గొడవవుతుంది. నన్ను ఆపితే, పిల్లల్ని కనపడకుండా చేస్తే, గొడవుండదు. రక్షణ అనే మాటకి మన దగ్గర ఎప్పుడూ ఇదే అర్థం. చూసేవాడి కళ్లు ముయ్యలేం కాబట్టి అమ్మాయిని లోపలికి పంపుదాం. పరదాకి కూడా ఇంతకంటే పెద్ద తర్కం ఏమీ ఉండేది కాదు.

ఇక మనవాళ్ల సంగతి. ఈ వ్యాసం నిజానికి పీఈటీ సారు మీద కాదు, మన మీద. ఇదంతా ఒక సెమినార్ మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పినప్పుడు, నేను చాలా గౌరవించే ఒక సీనియర్ మిత్రురాలు అన్నారు: "ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? నువ్వు కెమెరా పట్టుకున్నా అది ఆ చూపే కదా." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

ఆ తలలూపడం దగ్గరే నాకు పేచీ. చూపు మనకి కొత్త సబ్జెక్టు కాదు. జయప్రభ 'చూపులు' కవిత చదవకుండా ఎదిగిన స్త్రీవాది మనలో తక్కువ. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం లేకుండా మన విశ్వవిద్యాలయాల్లో ఏ సినిమా పేపరూ పూర్తి కాదు. కానీ ఆ మల్వీయే వ్యాసం రాసి ఊరుకోలేదు. 1977లో పీటర్ వొలెన్‌తో కలిసి 'రిడిల్స్ ఆఫ్ ది స్ఫింక్స్' అనే సినిమా తీసింది. కెమెరాని ఇంకోలా తిప్పితే ఏమవుతుందో చూద్దామని తిప్పింది. మనం సగం చదివి సగం వదిలేశాం. చూపు హింస అన్నంత వరకూ బాగా వంటబట్టింది. చూడటం అనే పని మాత్రం స్టూడియో వాళ్లకీ, పేపరు వాళ్లకీ, గోడ పక్కన కుర్రాళ్లకీ వదిలేశాం. చూపు రాజకీయాల మీద గంట మాట్లాడగలిగిన మాలో ఎంతమందికి షట్టర్ స్పీడంటే తెలుసు? నాకైతే ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా తెలీదు.

ఆ కెమెరా మీద గుండ్రటి డయల్ ఒకటుంటుంది. ఎలాంటి ఫోటో కావాలో బొమ్మలు చూసి తిప్పుకోవాలి. పోర్ట్రెయిట్‌కి గుర్తు టోపీ పెట్టుకున్న ఆడమనిషి తల. తల మాత్రమే. ఆటలకి గుర్తు పరిగెత్తే మనిషి, నిండు ఒళ్లు, కాళ్లూ చేతులూ గాల్లో. పిల్లలకి వేరే గుర్తుంది. మొదటిది తిప్పితే చర్మం మెత్తగా, సున్నితంగా వచ్చేట్టు కెమెరా తనే సర్దేస్తుంది. పిల్లల గుర్తు పెడితే బట్టల రంగులు మెరుస్తాయి, చర్మం మెత్తగానే ఉంటుంది. పరిగెత్తే మనిషి దగ్గరికొస్తేనే షట్టర్ వేగం పెరుగుతుంది, కదిలేదాని వెంట ఫోకస్ కదులుతుంది. అంటే కెమెరా చేసినవాళ్ల ఊహలో ఆడవాళ్లకి ముఖం, పిల్లలకి బట్టలు, ఆట ఇంకెవరికో. పదమూడేళ్ల ఆడపిల్ల ఖోఖో ఆడుతుంటే దేని దగ్గర తిప్పాలి? నేను ఆ బొమ్మలన్నీ వదిలేసి ఎస్ అక్షరం దగ్గర పెట్టుకోవడం నేర్చుకున్నాను. అక్కడ వేగం మనమే చెప్పొచ్చు.

నేర్చుకోవడం అంత తేలికేం కాలేదు. నాలుగింటి ఎండలో 1/1000 పెడితే గాల్లో లేచిన దుమ్ము రేణువు కూడా ఆగిపోతుంది. అయిదున్నరకి వెలుగు తగ్గాక కెమెరాతో వచ్చే 18-55 లెన్సు చేతులెత్తేస్తుంది. ఐఎస్ఓ 1600కి పెంచితే బొమ్మ నిండా ఇసక చల్లినట్టుంటుంది. ఈ కెమెరా సెకనుకి మూడు ఫోటోలే తీస్తుంది. ఖో ఇచ్చే చెయ్యి వీపుకి తగలడానికీ, కూర్చున్న పిల్ల లేవడానికీ మధ్య అంత సమయం ఉండదు. బటన్ నొక్కి పట్టుకుంటే ముందుదీ వెనకదీ పడతాయి, అసలుది పడదు. కాబట్టి ముందే తెలియాలి. ఎనిమిది మంది ఒకరు విడిచి ఒకరు చెరో వైపు తిరిగి కూర్చుంటారు. లేచిన పిల్ల ఒకసారి దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. ఈ లెక్క మనసులో ఉంటే తరవాత ఖో ఎవరికి పడుతుందో ఊహించొచ్చు. ఆట తెలిస్తేనే ఫోటో దొరుకుతుంది.

నాకు ఆట తెలీదు. ఏడో తరగతి వేసవి సెలవుల తరవాత నన్ను గ్రౌండుకి పంపలేదు. ఎందుకో ఈ పత్రిక చదివేవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అని ఒక వ్యాసం రాసింది. ఆడపిల్ల బంతి విసిరితే ఒళ్లంతా ఎందుకు కదలదు, చెయ్యి ఒక్కటే ఎందుకు కదులుతుంది అన్నది అందులో ప్రశ్న. తనని ఎవరో చూస్తున్నారన్న ఎరుకతో పెరిగిన శరీరం, చెయ్యగలిగిన పనిని కూడా సగంలో ఆపేసుకుంటుందంటుంది. ఎమ్మే రోజుల్లో దాని మీద అసైన్‌మెంటు రాశాను. గ్రౌండు పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు కానీ అది నా చూపుడు వేలు గురించి కూడానని తెలీలేదు. నొక్కనా వద్దా, నొక్కితే ఎవరేమంటారు అని వేలు ప్రతిసారీ అర సెకను వెనకపడేది.

నా మొదటి ఫోటోలు చూసి మా పిల్ల, "పిన్నీ, ఇందులో నేను పరిగెడుతున్నట్టు లేను. స్టాచ్యూ ఆటలో నిలబడినట్టున్నాను" అంది. నిజమే. అంత వేగం పెడితే పరుగు బొమ్మలా గడ్డకడుతుంది. 1/60కి తగ్గించి, పిల్లతో పాటు నా నడుమూ కెమెరా కలిపి తిప్పితే పిల్ల కనపడుతుంది, వెనక కాంపౌండు గోడ గీతలుగా సాగిపోతుంది. ఇరవై తీస్తే ఒకటి. ఆ ఒకటి చూసి అది ఏమీ అనకుండా పక్కపిల్లకి చూపించింది.

ఇంకో తగువు రంగుది. మా పిల్లల్లో ఎక్కువమంది నల్లటివాళ్లు, యూనిఫాం తెల్లది. వెలుగు కొలిచే మీటరు తెల్లచొక్కా చూసి, అబ్బో చాలా వెలుగుంది అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. చొక్కా బాగుంటుంది, ముఖం చీకట్లో కలిసిపోతుంది. కాస్త ప్లస్ వైపు జరపాలి. ఇది చెప్పడానికి ఎవరూ లేక చాలాకాలం పిల్లల ముఖాలే సరిగా రావనుకున్నాను, అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి "మేడమ్, కొంచెం తెల్లగా వచ్చేట్టు తియ్యరా" అని అడిగింది. ఫోన్లు అడక్కుండానే చేసిపెడుతున్న పనే కదా అది. నేను ముఖంలో వివరం వచ్చేట్టు తీశాను, తెల్లగా రాలేదు. ఆ అమ్మాయి కొంచెం నిరాశపడింది. నా సిద్ధాంతం ఆ అమ్మాయి నిరాశకి జవాబు కాదని నాకు తెలుసు.

ఇప్పుడు నా మిత్రురాలి ప్రశ్నకొస్తాను, ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో ఒక ముక్క నిజం. మ్యాచ్ అయ్యాక చెట్టు కింద కూర్చుని పన్నెండు మందికీ కెమెరా వెనక చిన్న తెరలో ఫోటోలన్నీ చూపించాను. వద్దన్నది అక్కడికక్కడే తీసెయ్యాలని ఒప్పందం. నాలుక కరుచుకుని, కళ్లు గుడ్లురిమి దూకుతున్న ఫోటో చూసి దాని సొంతదారు పడీపడీ నవ్వింది. "అమ్మోరులా ఉన్నానే!" ఆ ఫోటో ఉంచమంది. ఇంకో పిల్ల కింద పడ్డప్పటి ఫోటో ఒకటుంది. జడ ఊడి, కుర్తా పైకి లేచి, మోచెయ్యి గీరుకుపోయి, అయినా చెయ్యి ముందుకి చాచే ఉంది. ఆ రోజు తీసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. తీసెయ్యమంది. సరే అన్నాను. తియ్యలేదు. ఇంటికొచ్చాక కంప్యూటర్లోకి ఎక్కించాను. శరీరం, ప్రతిఘటన అని ఫిబ్రవరిలో చదవాల్సిన పేపరుంది నాకు, దానికి మొదటి స్లయిడుగా సరిగ్గా సరిపోతుందనుకున్నాను. రెండు రోజులు ఉంచాను. గోడ పక్కన కుర్రాడు ఫోన్లో దాచుకున్నదానికీ, నేను స్లయిడు కోసం దాచుకున్నదానికీ తేడా నాకు తెలుసని వాదించగలను. ఆ పిల్లకి ఏం తేడా? మూడో రోజు తీసేశాను.

కాబట్టి ఆడమనిషి చేతిలో ఉన్నంత మాత్రాన కెమెరా మంచిదైపోదు, ఒప్పుకుంటున్నాను. కానీ అందుకు మందు కెమెరా దించడం కాదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ప్రసార సంస్థ, క్రీడాకారిణుల శరీర భాగాల్ని దగ్గరగా చూపే షాట్లు ఇకమీదట చూపించమంది. 2024లో పారిస్‌లో, ఎక్కువగా మగవాళ్లే అయిన తన కెమెరామెన్‌కి ఆడవాళ్లని మగవాళ్లని తీసినట్టే తియ్యమని చెప్పింది. ఆడవాళ్ల పోటీలు తియ్యడం మానేయమనలేదు. 1984 లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతుతో కాంస్యం పోగొట్టుకుంది. 55.41, 55.42. ఆ నూరో వంతుని చూడగలిగింది గీత దగ్గర పెట్టిన కెమెరా ఒక్కటే. దానికి ఉష బట్టలతోగానీ రంగుతోగానీ పని లేదు, ఛాతీ గీతను ఎప్పుడు దాటిందన్నదే కావాలి. నాకు ఆ కెమెరా మీద అసూయ.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌ని మన ఆడవాళ్ల జట్టు గెలిచింది. మా పిల్లలకి ఆ సంగతి తెలుసు. వాళ్ల సారుకీ తెలుసు, ప్రార్థనలో ఆయనే చప్పట్లు కొట్టించారట. ఆయన్ని మళ్లీ కలిశాను. ఫోటోలు చూపించాను. అన్నీ చూసి, "బాగున్నాయి మేడమ్, కానీ వాళ్ల ఇళ్లల్లో అడుగుతారు" అన్నారు. అడిగితే నా నంబరివ్వమన్నాను. ఈసారి గోడ పక్కన ఉన్నవాళ్లని పంపిస్తేనే ఆట మొదలుపెట్టండి అని కూడా అన్నాను. చూద్దాం అన్నారు.

అందరికీ తలా రెండు ప్రింట్లు తీయించి ఇచ్చాను. అమ్మోరులా ఉన్న పిల్ల మాత్రం తీసుకోలేదు. నాన్న చూస్తే ఆట మానిపిస్తాడంది. ఇంట్లో ఖోఖో అని చెప్పలేదట, లెక్కల ట్యూషన్ అని చెప్పి వస్తోందట. ఆ ఫోటో మా అక్క కూతురి లెక్కల పుస్తకంలో ఉంది. రోజూ ఇంటర్వెల్లో తీసి చూసుకుని మళ్లీ ఇచ్చేస్తుందట.